కోరి తీసుకున్న నంబరు

అక్టోబరు ఇరవై ఆరున చేయాల్సిన పనులను ఇత్సుకో గోడ క్యాలెండరు మీద రాసుకుంది.

షిన్జి సరస్సు ఒడ్డున, తాను పనిచేసే ఆల్చిప్పల షెడ్డులో ఆ రోజుకు సెలవు అడగాలి.

తెల్ల చేమంతులు కొనాలి.

కనుమ మలుపులో, చనిపోయిన పిల్లలను కాచే జిజో దేవుడి రాతిబొమ్మను కడిగి, ఉప్పు, కమలాపళ్లు పెట్టాలి.

ఆ తెల్లకారు మళ్లీ వస్తే నంబరు మొత్తం రాసుకోవాలి.

మూడేళ్ల కిందట అదే రోజు, ఆ మలుపులోనే, ఆమె కూతురు నాగిసా స్కూటరు జారి పడింది. పందొమ్మిదేళ్లు. దారినపోయే ఎవరో అంబులెన్సుకు ఫోన్ చేశారని, పేరు చెప్పలేదని పోలీసులు అన్నారు. ఇత్సుకో ఆసుపత్రికి చేరేసరికే అంతా అయిపోయింది.

కూతురు పోవడం ఒక ఎత్తు. పక్కన ఒక్క మనిషైనా లేకుండా పోవడం ఇంకో ఎత్తు. ఆ రెండోదే ఇత్సుకోను నిద్రపోనిచ్చేది కాదు.

ఆసుపత్రివాళ్లు ఇచ్చిన సంచిలో నాగిసా బూట్లతోపాటు మగవాళ్ల గోధుమరంగు కోటు ఒకటి ఉంది. ఎవరిదో ఎవరికీ తెలియదు. పిల్ల జారిపడలేదు, ఎవరో గుద్దారు అని ఇత్సుకో నమ్మకం. ఆ కోటును సాక్ష్యంలా బీరువాలో దాచింది.

నిరుడు ఇదే రోజు మలుపులో ఒక తెల్లకారు కనిపించింది. నంబరు 10-26. పదో నెల, ఇరవై ఆరో తేదీ.

“ఏదో ఒక నంబరు రావాలి కదక్కా,” అంది షెడ్డులో పక్కన కూర్చునే తమాయె. “మా ఆయన పెళ్లిరోజు మరిచిపోతున్నాడని ఆ తేదీనే కారుకు పెట్టించా. వారం వారం ఆ ప్లేటు కడుగుతాడు, అయినా మరిచిపోతాడు మహానుభావుడు!”

ఈసారి ఆమె వెళ్లేసరికే కారు అక్కడ ఉంది. బొమ్మ ముందు ఒక ముసలాయన మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు.

ఇత్సుకో పెన్సిలు తీసింది. ప్లేటు పై వరుసలో ఊరిపేరు హిమేజి, 530. కింద ‘సో’ అక్షరం, 10-26.

“ఎవరు మీరు?”

అతను లేచాడు.

“నా కూతుర్ని గుద్దింది నువ్వేనా?”

అతను నడుము వంచి, “క్షమించండమ్మా,” అన్నాడు.

ఇంకేం కావాలి?

బొమ్మకని తెచ్చిన ఉప్పు గుప్పెడు తీసి అతని ముఖాన కొట్టింది. “ఇంకోసారి ఇక్కడ అడుగుపెట్టకు!”

అతను ఉప్పు దులుపుకోలేదు. మళ్లీ వంగి దండం పెట్టి, కారెక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు ఆమె బండ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఉంది.

గుమస్తా కాగితం చూశాడు. “హిమేజి ఆఫీసులో రిజిస్టరైన బండి. ఇక్కడికి మూడు గంటల పైమాటే. ‘వా’ అక్షరముంటే అద్దెబండి అయ్యేది. ఇది సొంతబండే. 530...” అతను ఆగాడు. “పైన 530 అని ఉందంటే, వరసలో వచ్చిన నంబరు కాదమ్మా ఇది. కోరి తీసుకున్నది.”

ఇత్సుకో బల్ల మీదికి వంగింది.

“ఎవరు కోరారు? పేరు చెప్పండి.”

“ప్లేటు నంబరొక్కటే చూసి పేరు చెప్పకూడదమ్మా. ఛాసిస్ నంబరు కూడా కావాలి. బండి మీదే చెక్కి ఉంటుంది.”

“బానెట్టు తీసి చూపించమని ఆ హంతకుణ్ని నేను బతిమాలాలా?”

గుమస్తా కాగితం తిరిగి ఆమె చేతికిచ్చాడు.

పోలీసులు పాతమాటే చెప్పారు. జారిపడింది, అంతే.

ఆ ఏడాదంతా ఆ నాలుగు అంకెలు ఇత్సుకో వెంట తిరిగాయి. గడియారం పది ఇరవై ఆరు చూపిస్తే తల తిప్పుకునేది. తెల్లకారు ఏది వచ్చినా ముందు ప్లేటు చూసేది. ఎవరైనా బిడ్డ పుట్టినరోజు కోరుకుంటారు. బిడ్డ చచ్చిన రోజు కోరుకునేవాడు ఎలాంటివాడు?

మళ్లీ అక్టోబరు ఇరవై ఆరు. పిడికిట్లో ఉప్పు, సంచిలో ఆ కోటు. ఈసారి అది అతని ముఖం ముందు పెట్టి అడగాలి.

కారు రాలేదు.

బస్సు దిగి ఒక నడివయసు స్త్రీ వచ్చింది. చేతిలో గుడ్డమూట.

“నాగిసా వాళ్ల అమ్మగారేనా? ఈ రోజు మీరిక్కడ ఉంటారని నాన్న చెప్పేవారు.”

మూట విప్పింది. అందులో కారు నంబరు ప్లేటు. 10-26. అంకెల మధ్య పెద్ద చిల్లు.

“వేసవిలో పోయారండీ. కారు తుక్కుకు వేస్తే ప్లేట్లు ఆఫీసుకు తిరిగి ఇచ్చేయాలి. గుర్తుగా ఉంచుకుంటామంటే, ఇంకే బండికీ తగిలించకుండా ఇలా చిల్లు పొడిచి ఇస్తారు.”

“నాకెందుకు? పోయేముందు తప్పు ఒప్పుకున్నాడా?”

ఆమె ఇత్సుకో సంచిలోంచి కనిపిస్తున్న గోధుమరంగు కోటునే చూస్తోంది.

“దాచారా!” అంది మెల్లగా. “మీ అమ్మాయి చలేస్తోందంటే నాన్న కప్పారట.”

ఇత్సుకో పిడికిట్లోంచి ఉప్పు జారింది.

“నాన్న ఫోన్ చేశాక అంబులెన్సు రావడానికి నలభై నిమిషాలు పట్టిందట. అంతసేపూ మా నాన్న చెయ్యి మీ అమ్మాయి వదల్లేదు. ‘అమ్మకు చెప్పకండి, భయపడుతుంది’ అందట. ఆ మాటకే కట్టుబడి మీకేమీ చెప్పలేదు. అలా కూర్చోకుండా కార్లో వేసుకుని పోయి ఉంటే బతికేదేమోనని కుమిలేవారు. ఆ తర్వాత కొన్న కారుకు ఆ తేదీనే కోరుకున్నారు. మరిచిపోతే పాపం అనేవారు.”

ఇత్సుకో ఆ ప్లేటును రెండు చేతులతో అందుకుని అడిగింది.

“ఆయన పేరు?”

“కుసాకా మొరియో.”

ఆ కనుమ దారిన ఎప్పుడైనా వెళ్తే, జిజో బొమ్మ పక్కన చిల్లుపడ్డ నంబరు ప్లేటు ఒకటి కనిపిస్తుంది. ఒక్క నిమిషం బండి ఆపి, ఒక తల్లి లేని చోట నలభై నిమిషాలు తల్లిగా కూర్చున్న మొరియోగారిని తలచుకోండి.