లైన్ క్లియర్

“మన బాత్‌రూం స్విచ్చే షాక్ కొడుతుంది. నువ్వు ఆఫ్రికాకు కరెంటిస్తవా?” అన్నాను.

కొత్తపేటలో లైన్‌మన్‌గా చేసే మా ఆయన, చర్చివాళ్లతో కలిసి జాంబియాలోని ఓ మారుమూల ఊరికి మూడు నెలల సేవకు పోతున్నాడు. క్షేమంగా వస్తాడో రాడోనని నా భయం.

“ఆడ కాన్పుల గదిల సుత లైటు లేదే. జర లైన్ క్లియర్ ఇయ్యి,” అన్నాడు బ్యాగు సర్దుకుంటూ.

నిరుడు నా కాన్పు యాదికొచ్చింది.

“గా లైన్ క్లియరేంది?”

“స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్‌ల అడుగుతం. వాళ్లు కరెంటు బంద్ చేసి, లైన్ క్లియర్ ఇస్తేనే ఎక్కుతం.”

“పనయినంక?”

“దిగినమని చెప్పి లైన్ క్లియర్ తిరిగియ్యాలె, అప్పుడే మల్ల కరెంటిస్తరు. ఎవరు తీసుకుంటే వాళ్లే. వేరేటోళ్లు చెప్తే నమ్మరు.”

చంటిదాన్ని ఆయన ఒళ్లో పెట్టాను.

“ఇచ్చిన, పో. తిరిగిచ్చేటందుకు మాత్రం నువ్వే రావాలె. వేరేటోళ్లు చెప్తే నేను సుత నమ్మ.”