కంచెలో సందు

పోలరైజ్డ్ కాంతిలో స్లైడు చూడాలంటే గది చీకటిగా ఉండాలి. అందుకే మా ల్యాబులో పెద్ద డాక్టరుకి చీకటి మాస్టారని పేరు. రొమ్ము కాన్సర్ ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టి ఫిల్టరు తిప్పితే అంతా నల్లబడి, కొలాజెన్ పోగులు మాత్రమే ఎర్రగా వెలుగుతాయి.

"పోగులు గడ్డని చుట్టుకుని ఉంటే కంచె అమ్మా. బయటికి తిరిగితే దారులు. దారి దొరికితే అది ఆగదు," అంటారాయన. ఆ కంచె మాట మా ఇద్దరి మధ్యే. రిపోర్టుల్లో రాయం.

మధ్యాహ్నం చూసిన స్లైడులో కంచె చెక్కుచెదరలేదు. ఫోటో తీశాను. నా నోరు ఊరుకుంటేగా! బయట కూర్చున్న ఆ పేషెంటు కూతురితో "భయం లేదు, అమ్మని ఇంటికి తీసుకెళ్లు" అనేసి, నా నంబరు కూడా ఇచ్చాను.

రాత్రి అందరూ వెళ్లిపోయాక, రిపోర్టు మీద సంతకానికి ముందు అదే స్లైడు మళ్లీ చూశాను. కంచెలో సందు. ఒక్క పోగు బయటికి తిరిగి ఉంది. మందులో నానబెట్టి, గాజు కింద అతికించిన ముక్క కదలడమేమిటి, నా మొహం! మధ్యాహ్నపు ఫోటో తెరిచాను.

అందులోనూ సందు ఉంది.

ఫ్యాను ఆపాను. గడియారం తప్ప చప్పుడు లేదు. అప్పుడు ఫోన్ మోగింది. ఆ కూతురే.

"ఈ వేళప్పుడు చేశానని ఏమనుకోకండి అక్కా. అమ్మ పడుకోవట్లేదు. కంచె తలుపు ఎవరో తీశారు, వెళ్లి వేసి రమ్మంటోంది."

"వేసి రావచ్చుగా," అన్నాను.

"ఏ కంచె అక్కా? మేముండేది నాలుగో అంతస్తు."