చిన్నరాణి ఒప్పా, తప్పా?

“అది రాణి కాదప్పా, రాచ్చసి! కట్టుకున్నోనికే మందు పెట్టిందంటే ఇంగేం మిగిలింది?” రంగప్ప తొడ చరిచి లేచాడు.

“నోరు జాగ్రత్త బావా! మా చిన్నరాణిని ఒక్క మాటన్నా ఊర్కోను,” అంటూ మద్దయ్య కూడా లేచాడు.

టీవీలో సీరియల్ అప్పుడే అయిపోయింది. ఇంటింటికీ టీవీలు రాని కాలం. ఎమ్మిగనూరులో ఆ సాలెవీధి మొత్తానికి షరీఫా బీ ఇంట్లోదే టీవీ. ఆదివారం పొద్దునైతే సగం వీధి అక్కడే ఉంటుంది. సీరియలేమో హిందీలో వస్తుంది, చూసేవాళ్లలో ఒక్కరికీ హిందీ ముక్క రాదు. షరీఫా బీ టీవీ పక్కన పీట వేసుకుని కూర్చుని, వాళ్లు అక్కడ మాట్లాడుతుంటే ఇక్కడ తెలుగులో చెబుతుంది. ఆమె మొగుడు దస్తగిరికీ హిందీ వచ్చు గానీ, ఆయన నిన్ననే ఆదోనికి వాళ్లక్క ఇంటికి వెళ్లాడు.

మద్దయ్యకు ఆ సీరియల్లో చిన్నరాణి అంటే ప్రాణం. ఆమె తెర మీదికి వస్తే బీడీ ఆర్పేస్తాడు. ఆమె సవతి కొడుకును చెరసాలలో వేయించిన వారం వీధంతా తిట్టిపోస్తే, “ఆయమ్మ బాధ ఆయమ్మకుంటాది” అని ఒక్కడే వెనకేసుకొచ్చాడు.

ఈ వారం తగువు ఇంకా పెద్దది. రాజు తన రెక్కల గుర్రాన్ని మాంత్రికుడికి ఇస్తానని పోయిన వారమే మాట ఇచ్చేశాడు. ఇవాళ చిన్నరాణి వెండిగిన్నెలో ఏదో పోసి ఇచ్చింది. రాజు తాగి పడుకున్నాడు. ఆమె సైగ చేయగానే సేవకుడొకడు గుర్రాన్ని వెనక వాకిలి గుండా తోలుకుపోయాడు. ఏమైందో తెలియక అందరూ షరీఫా బీ మొహం చూశారు. ఆమె ఒకసారి మద్దయ్య పెళ్లాం పార్వతమ్మ వైపు చూసి, గొంతు సవరించుకుంది.

“రాజు తిక్కకొద్దీ మాటిచ్చినాడు, గుర్రం పోతే రాజ్యమే పోతాది, అందుకే నిద్రమందు పోసి గుర్రాన్ని దాపెడతాండా అంటాంది,” అని చెప్పింది.

అంతే, రంగప్పకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన మద్దయ్య అక్క మొగుడు. కౌతాళం నుంచి పొద్దున బస్సుకే దిగాడు. ఆయన వచ్చింది సీరియల్ కోసం కాదు. జాతరలో నలుగురి ముందు గొప్పకు పోయి, “మా ఎనుమును తోలుకపో బావా, నాది ఒకటే మాట” అని మద్దయ్య అనేశాడు. మగ్గం ఆగిన రోజుల్లో ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ గేదె పాలతోనే. పార్వతమ్మ ఏడ్చింది, అలిగింది, తిండి మానేసింది. మాటంటే మాటేనని మద్దయ్య కదల్లేదు. రంగప్ప పగ్గం కూడా వెంట తెచ్చుకున్నాడు.

“మాటిచ్చినాక పానం పోయినా నిలబెట్టుకోవాల. మొగోనికి అదే అందం,” అన్నాడు రంగప్ప.

“తిక్కమాట ఇచ్చి, దాన్ని పట్టుకోని ఇల్లు ముంచుకునేది అందమా? మతుండే పెండ్లాము సూస్తా ఊర్కుంటాదా?”

“మొగునికి సెప్పకుండా సేస్తే దొంగతనం కాదా?”

“సెప్తే ఇంటాడా ఆ మొండోడు? ఇనడు. అందుకే సెప్పలే!”

“గుర్రం రాజుదప్పా. ఇస్తాడు, మానుతాడు, ఆయప్ప ఇష్టం!”

“రాజు ఎక్కి తిరిగినాడంతే. దానికి గడ్డేసిందెవురు? కుడితి పెట్టిందెవురు? ఆయమ్మ కాదా?”

రాణి కుడితి పెట్టడం ఏ వారమూ ఎవరూ చూడలేదు. అయినా ఆడవాళ్లంతా ఒక్కసారిగా మద్దయ్య వైపు తిరిగిపోయారు. పుట్టి బుద్ధెరిగాక అంత మద్దతు అతనికి ఎన్నడూ దొరకలేదు. రొమ్ము విరుచుకున్నాడు.

“అయితే ఆ రాణి సేసింది ఒప్పే అంటావు?” పార్వతమ్మ అప్పుడు నోరు తెరిచింది.

“నూటికి నూరుపాళ్లు ఒప్పు! ఇంతమందిలో సెప్తాండా. అట్లాంటి పెండ్లాము దొరికితే కాళ్లు కడిగి నెత్తిన సల్లుకోవాల!”

“కాళ్లు కడిగేది మళ్లా సూసుకుందాంలే,” అంది పార్వతమ్మ. “మన ఎనుము మేతకు పోలేదు, తెల్లారకముందే మా అన్న దాన్ని కైరుప్పలకు తోలుకపోయినాడు. రంగప్పన్నా, నీవు అన్నం తినే పోవాల.”

ఇల్లంతా గొల్లుమంది. రంగప్ప చేతిలో పగ్గాన్నీ, బామ్మర్ది మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. మద్దయ్య అందరి ముందు చెప్పిన తీర్పాయె, వెనక్కి తీసుకునే దారి లేదు. అయినా దాపరికం ఎందుకు, మద్దయ్యకు లోలోపల హాయిగానే ఉంది. మాట తను తప్పలేదు, ఎనుమూ చేయి దాటలేదు. అంతా చిన్నరాణి చలవ. రంగప్ప కడుపు నిండా అన్నం తిని, పగ్గం చంకన పెట్టుకుని మధ్యాహ్నం బస్సెక్కాడు.

సాయంత్రం దస్తగిరి ఆదోని బస్సు దిగాడో లేదో, మద్దయ్య ఎదురుపోయాడు.

“దస్తగిరన్నా, ఆడ మీ అక్కోళ్లింట్లో సీరియల్ సూసినావా?”

“సూసినా లేప్పా.”

“మా చిన్నరాణి ఎంత పని సేసింది సూడు! ఇంగొకతె అయితే సేసునా?”

“ఎవురైనా సేస్తారు కదప్పా,” అన్నాడు దస్తగిరి సంచి భుజం మార్చుకుంటూ. “రాజుకు తలనొప్పంటే కషాయం కాంచి ఇచ్చింది, గుర్రానికి నీళ్లు తాపుకోని రమ్మని పంపిచ్చింది.”