చెవిన పడని కబురు

"ఆ ఫోను ఇలా ఇవ్వండి నాన్నగారూ, ఛార్జింగు పెడతాను," అన్నాడు ఫణీంద్ర తడి తల తుడుచుకుంటూ.

దత్తాత్రేయులుగారు జేబులోంచి తీసి ఇచ్చారు. అది అప్పటికే ఆగిపోయి ఉంది. రోజూ కాఫీకి ముందు ఆకివీడులో ఉన్న అన్నగారితో నాలుగు మాటలైనా మాట్లాడే మనిషి. కూతురి పెళ్ళి హడావిడిలో ఛార్జింగు సంగతి మరిచిపోయి ఉంటారనుకుని, ఫణీంద్ర ఫోను సంచీ అడుక్కి తోసేశాడు.

గంట క్రితం ఆ అన్నగారి కొడుకు దత్తసాయి ఫోన్ చేశాడు.

"ఒరే ఫణీ, నాన్న పోయారురా. ఐసు పెట్టెలో ఉంచాం. రేపు సుమన మెడలో మూడుముళ్ళూ పడేదాకా మేం ఏడవం కూడా. బాబాయి చెవిన మాత్రం పడనివ్వకు."

దాయాది పోయాడని వింటే కట్టుబట్టలతో నెత్తిన నీళ్ళు పోసుకోవాలి. గదుల నిండా చుట్టాలు. ఫణీంద్ర ఏలూరులో పెళ్ళికి దిగిన లాడ్జి పెరట్లోకి పోయి పంపు కింద చొక్కాతోనే కూర్చుని లేచాడు. ఇక పదిరోజులు అతనికి మైల. గుడి గడప తొక్కకూడదు, శుభకార్యంలో చెయ్యి పెట్టకూడదు. విననివాళ్ళకి మాత్రం మైల లేదు. ఆ ఒక్క సందులోంచే రేపటి పెళ్ళి దాటాలి.

పదకొండేళ్ళ కిందట ఇదే చెల్లెలి పెళ్ళిలో ఎవరో దూరపు దాయాది పోయాడని కబురొస్తే, దత్తాత్రేయులుగారే పందిట్లో లేచి మేళం ఆపించారు. శాస్త్రం నా కూతురి కోసం వంగదు అన్నారు. అపశకునమని మగపెళ్ళివారు అటునుంచి అటే వెళ్ళిపోయారు. ఇన్నేళ్ళకి, సుమనకి ముప్ఫై ఆరు నిండాక, మళ్ళీ ఒక సంబంధం కుదిరింది. ఈసారీ ఆ నోరు తెరుచుకుంటే ఆ పిల్ల ఇంక పెళ్ళి మాట ఎత్తనివ్వదు.

మధ్యాహ్నానికి గుండుగొలను చుట్టాలు బస్సులో దిగుతారు. వాళ్ళలో ఎవరికి తెలుసో, ఎవరు నోరు జారతారో. వాళ్ళు దిగే వేళకి ఆయన్ని లాడ్జిలో ఉంచకూడదు.

"అలా ఏలూరు చూసొద్దాం రండి నాన్నగారూ. ఆటో పిలవనా?"

"ఆటో ఎందుకు, నడుద్దాం," అని ఆయనే ముందు మెట్లు దిగారు.

వన్ టౌన్ సందుల్లో ఆయన దారి అడగలేదు. కాలవ వంతెన మీద ఆగి, పిట్టగోడ పట్టుకున్నారు.

"అన్నయ్య నాకు ఈత నేర్పింది ఇక్కడేరా. నా నడుంకి తన పంచె కట్టి, కొస పట్టుకుని ఒడ్డున నిలబడేవాడు. ఒక్కనాడూ వదల్లేదు."

ఫణీంద్ర నీళ్ళకేసి చూశాడు. ఆయన ముఖంకేసి చూడ్డానికి ధైర్యం చాల్లేదు.

తివాచీలు అమ్మే కొట్టు దాటాక ఒక సందు. "ఈ మేడ ఉన్నచోట పెంకుటిల్లు. వారాలు చేసుకుని చదువుకున్నాం. రోజుకో ఇంట్లో అన్నం. మంగళవారం మట్టుకు ఒక్కళ్ళకే పెట్టేవారు. నేను తినేశానురా అని అన్నయ్య నన్ను పంపేవాడు."

"నిజంగా తినేవారాండీ?"

"ఎక్కడ తింటాడు. అబద్ధమని నాకు తెలుసు. తెలిసే తిన్నాను."

ఇంకో మాట చెప్పండని అడగలేడు, చాలు ఆపండని అనలేడు. వెనకాలే నడిచాడు.

శివాలయం వచ్చింది. ఫణీంద్ర మెట్ల ముందే ఆగాడు.

"మీరు వెళ్ళిరండి. చెప్పులు నేను చూస్తాను," అన్నాడు.

"నువ్వెళ్ళు. నేను చూస్తాను."

"మీరు పెద్దవారు కదండీ."

"మెట్లు ఎక్కలేనురా. ఇక్కడినుంచీ కనిపిస్తాడు."

ఎవరూ వెళ్ళలేదు. తండ్రీ కొడుకూ రెండు జతల చెప్పులకి కాపలా కాసి కదిలారు.

బజార్లో గండం ఎదురొచ్చింది. ఆకివీడునుంచి వచ్చి ఇక్కడ బట్టల కొట్టు పెట్టిన వీరవెంకటరమణ గల్లా వదిలి పరుగున వచ్చాడు.

"పంతులుగారూ, పొద్దున్న మీ అన్నగారు..."

దత్తాత్రేయులుగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. "లారీల రొదండీ, ఒక్క ముక్కా వినపడ్డంలేదు. రేపు పదింటికి ముహూర్తం. కుటుంబంతో రావాలి," అని ఆగకుండా సాగిపోయారు.

ఫణీంద్ర వెనక్కి తిరిగి రమణకి రెండు చేతులూ జోడించాడు. అతను అర్థమైనట్టు నోరు మూసుకున్నాడు. రెండేళ్ళుగా ఆయనకి ఎడమ చెవి అంతంతమాత్రం. ఆ చెవికి ఫణీంద్ర మనసులోనే మరో దణ్ణం పెట్టాడు.

లాడ్జి సందు మలుపులో ఆయన ఆగారు.

"రేపు కన్యాదానానికి పీటల మీద మీ మావయ్యనీ అత్తయ్యనీ కూర్చోబెట్టు. నా మోకాళ్ళు మడతపడటం లేదు."

"రెండు గంటలనుంచి నడుస్తూనే ఉన్నారు కదండీ."

"నడక వేరు, కూర్చోవడం వేరు. చెప్పినట్టు చెయ్యి." రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు: "తాళి కట్టగానే ఆకివీడు వెళ్దాం. భోజనాలకి ఆగొద్దు. అన్నయ్యకి అక్షింతలు చూపించాలి."

"అలాగేనండీ," అన్నాడు ఫణీంద్ర.

ఆయన గోడ పట్టుకుని మెట్లెక్కి గదిలోకి వెళ్ళిపోయారు. కౌంటరులోంచి మేనేజరు శామ్యూల్ తల ఎత్తాడు.

"ఏవండీ, అడుగుతున్నానని ఏమీ అనుకోకండి. పొద్దున్న పెరట్లో పంపు కింద కట్టుబట్టలతో తడిశారు. మీ పెళ్ళిళ్ళలో అదొక తంతాండీ?"

ఫణీంద్ర మెట్లకేసి చూసి గొంతు తగ్గించాడు. "మీకు పుణ్యముంటుంది శామ్యూల్‌గారూ. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పకండి."

శామ్యూల్ అయోమయంగా తల గోక్కున్నాడు.

"మీకన్నా ముందు తడిసిన మీ నాన్నగారూ ఇదే మాటన్నారండి."