తిన్నావా, లేదా?

వడివేలు వేడి పొరోటాల దొంతరను రెండు చేతులా తట్టి పొరలు విడదీస్తుండగా, మాదేశ్ వెనకనుంచి వచ్చి అతని జుట్టు పట్టుకున్నాడు.

"ఏమి పెట్టినావురా నా పెండ్లానికి?"

"ఎవరు, అన్నా, నీ పెండ్లాం?"

మాదేశ్ బయటికి చూపించాడు. అంగడి ముందు మురుగుకాలువ పక్కన, పుల్లలా ఎండిపోయిన విజి కొంగుతో మూతి తుడుచుకుంటోంది. ఎదురుగా ఉన్న ఆస్పత్రిలో టోకెన్ తీసుకుని రావడానికి అతనికి పట్టింది పది నిమిషాలు. తిరిగొచ్చేసరికి ఆమె మూతి తుడుచుకుంటూ పొరోటా అంగడిలోంచి దిగుతోంది. ఇంకేం రుజువు కావాలి?

"ఆ అక్కనా? వాంతి చేసుకునిందన్నా. నోరు కడుక్కునేదానికి నీళ్లు ఇచ్చినాను, అంతే."

"పొరోటా అంగడికి నీళ్లకోసం వచ్చిందంట, నీళ్లకోసం!"

చెంపమీద పడిన దెబ్బకు వడివేలు పెదవి చిట్లింది. తింటున్నవాళ్లు ఆకులు వదిలేసి లేచారు. అడ్డం పోయినవాడు మాత్రం ఒక్కడూ లేడు. ఒకాయన అయితే సెల్‌ఫోన్ తీసి వీడియో పట్టాడు. వడివేలు ఇనప అట్లకాడ కోసం చెయ్యి చాచాడు. మాదేశ్ ఆ మణికట్టునే దొరకబుచ్చుకుని అరచేతిని పెనం మీద అదిమాడు. పదిహేనేళ్లుగా సిమెంటు మూటలు మోసిన చెయ్యి అది, వడివేలు వదిలించుకోలేకపోయాడు. చర్మం చుయ్యిమంది. వాడి కేక బస్టాండు దాకా వినబడింది.

"గోధుమ ఆమెకి విషంరా! ఏడాదిన్నరగా నా ఇంట్లో మైదా లేదు, రవ్వ లేదు, బిస్కెట్టు లేదు. బిడ్డలు కూడా రాగిసంకటే తింటాండారు. అయినా దినదినం కరిగిపోతాంది. మీయట్లోళ్లు దొంగగా పెట్టేదానివల్లే!"

అలా అంటుంటే అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి దొంగ కన్నీళ్లు కావు. విజి చచ్చిపోతుందేమోనని అతనికి నిజంగానే భయం.

విజి పరుగున వచ్చి అతని చేతికి వేలాడింది. "మామా, విడిచిపెట్టు మామా, ఆయన తప్పేమీ లేదు!"

మాదేశ్ ఆమె వైపు తిరిగాడు.

"తిన్నావా, లేదా?"

"లేదు మామా. సత్తెంగా లేదు."

చెయ్యి వెనక్కి తిప్పి ఒక్కటిచ్చాడు. ఆమె బెంచీ మీద పడింది, నుదురు పగిలింది. మాదేశ్ అట్లకాడ ఎత్తాడు.

"తిన్నావా, లేదా?"

విజి వడివేలు చేతి వైపు చూసింది. తోలు ఊడి వేలాడుతోంది.

"తిన్నాను."

"ఎన్ని?"

"ఒకటి... ఒకటిన్నర."

అట్లకాడ కింద పడింది. మాదేశ్ వెన్నలా మెత్తబడిపోయాడు. తన తువ్వాలుతో ఆమె నుదుటి నెత్తురు తుడిచాడు. "ముందే చెప్పింటే ఇంత దూరం వచ్చునా?" అన్నాడు ప్రేమగా. అడిగే తీరులో అడిగితే విజి ఎప్పుడూ నిజం చెబుతుందని అతని నమ్మకం.

ఆస్పత్రిలో డాక్టర్ మోహనప్రియ ముందు కూర్చోగానే అతనే మొదలుపెట్టాడు. "మళ్లా తినింది మేడమ్. ఒప్పుకునింది. రాసుకోండి."

డాక్టర్ పెన్ను తియ్యలేదు. విజి నుదుటి వైపు చూసి, ఫైలు తిరగేసింది.

"ఇందులో ఇప్పటికే ఆరుసార్లు రాసుంది, గోధుమ తిన్నానని ఒప్పుకుందని. అది నమ్మి మేమూ పథ్యం, పథ్యం అంటూ కూర్చున్నాం. పోయిన నెల పరీక్షల్లో గోధుమ జాడే లేదు. అనుమానమొచ్చి పేగు ముక్క తీసి ల్యాబుకు పంపిస్తే, ఇవాళ ఫలితం వచ్చింది. ఈమె గోధుమ తినడం లేదు మాదేశ్."

"మరి ఎందుకు మేడమ్ ఇట్లా చిక్కిపోతాంది?"

"పేగుకు కాపలా కాసే కణాలే మారిపోయాయి. మొదట గోధుమ కనబడితేనే తిరగబడేవి. ఇప్పుడు గోధుమ లేకపోయినా పేగును కొడుతూనే ఉన్నాయి. ఇది పథ్యంతో ఆగదు, వాటిని అణిచే మందులివ్వాలి. వదిలేస్తే క్యాన్సర్‌లోకి దిగుతుంది. ఇప్పటికే బాగా ఆలస్యమైంది. ఆ ఆరుసార్లూ తినలేదని చెప్పుంటే, పోయిన సంవత్సరమే పట్టుకునేవాళ్లం."

మాదేశ్ కుర్చీలోంచి లేచాడు. గిర్రున విజి వైపు తిరిగాడు. అలవాటుగా చెయ్యి లేచింది.

"తినకుండానే తిన్నానని ఎందుకు చెప్పినావే!"

విజి మోచెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుంది. దాని వెనకనుంచి, మెల్లగా అడిగింది.

"తినలేదంటే ఎప్పుడైనా కొట్టేది నిలిపినావా మామా?"