మొదటి పేజీ

గడువు ఆఖరి రోజునే ఆ పుస్తకం పోయింది. విశ్వవిద్యాలయం మెట్ల దగ్గర సంచి తెరిచినప్పుడు గాని కృష్ణకుమారి గమనించలేదు. ఎం.ఏ. ఇంగ్లీషు చివరి సెమిస్టరు కోసం ఆరు నెలలు కూర్చుని రాసిన పరిశోధన వ్యాసం అది. నీలం అట్టతో బైండు చేయించింది. తాముండే మెటియాబ్రుజ్‌లో బస్సెక్కే తొక్కిసలాటలో సంచిలోంచి జారిపోయి ఉండాలి.

మళ్లీ అచ్చు వేయించుకోవచ్చు. గైడు సంతకం మాత్రం దొరకదు. ఆయన నిన్ననే షిల్లాంగు వెళ్లిపోయారు. నాలుగింటికి పుస్తకాలు తీసుకోవడం ఆపేస్తారు. తర్వాత ఇస్తే ఏడాది పోయినట్టే.

వెనక్కి వెళ్లి వెతుకుదామని తోడున్న క్లాస్‌మేటు సమీర అంది. వెళ్లి రావడానికి టైము చాలదు. ఇద్దరూ వరండాలో బెంచీ మీద కూలబడ్డారు. మధ్యలో రెండుసార్లు నాన్న ఫోన్ చేశాడు. తండ్రి రైల్వే ఆఫీసులో పనిచేస్తాడని క్లాసులో అందరికీ చెప్పుకుంది. సమీర పక్కనే ఉంది. రెండుసార్లూ కృష్ణకుమారి కట్ చేసింది.

మూడున్నరకి వరండా చివర సత్యారావు కనిపించాడు. కార్పొరేషన్ వాళ్లిచ్చిన నారింజ రంగు కోటు ఒంటి మీదే ఉంది. నీలం అట్ట పుస్తకాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి గుండెకు హత్తుకుని, ఒక్కో గది మీది బోర్డూ చూస్తూ వస్తున్నాడు. కూతుర్ని చూసి ముఖం విప్పారింది.

"ఎవరితను?" అంది సమీర.

"మా వీధి ఊడుస్తాడు," అంది కృష్ణకుమారి.

ఆ మాట బెంగాలీలో అంది. ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో చీపురు పట్టిన సత్యారావుకు బెంగాలీ బాగా వచ్చు. ఏదో అనబోయి ఆగాడు. రెండడుగుల దూరంలోనే నిలబడి చెయ్యి చాచాడు.

"తీసుకోండి, దిదిమణి. పేజీలన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి," అన్నాడు, తనూ బెంగాలీలోనే.

పెద్దింటి ఆడపిల్లల్ని పిలిచే పిలుపు అది. కృష్ణకుమారి తలెత్తకుండా పుస్తకం అందుకుంది. వ్యాసం ఇచ్చేసిన సంతోషంలో ఎవరో పంచిన సందేశ్ మిఠాయిలు సమీర దగ్గరున్నాయి. రెండు కాగితంలో చుట్టి అతనికిచ్చింది. సత్యారావు రెండు చేతులతో తీసుకుని, నమస్కారం పెట్టి, గోడ వారగా నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

లోపల ప్రొఫెసరు మేడమ్ పుస్తకం తెరవబోతుంటే, కృష్ణకుమారి తనే గబుక్కున మొదటి పేజీ తిప్పేసి సంతకాలున్న పేజీ చూపించింది. మేడమ్ ఆ పేజీలోని శీర్షిక చదివారు. పంతొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల నవలల్లో శ్రామికులు. తర్వాత, ఇందాక వరండాలో జరిగింది కనిపించిన తలుపు వైపు చూశారు.

"పాపం, వెతుక్కుంటూ వచ్చి ఇచ్చాడు. ఆయన పేరేమిటమ్మా?"

"తెలీదు, మేడమ్."

ముద్ర పడింది. పుస్తకం దొంతరలోకి చేరింది.

కృష్ణకుమారి ఇంటికి చేరేసరికి క్వార్టర్ల ముందు కుళాయి దగ్గర సత్యారావు కాళ్లు కడుక్కుంటున్నాడు. ఆమెను చూసి చేతులు తుడుచుకుని, కోటు జేబులోంచి కాగితం పొట్లం తీశాడు.

"నీ నేస్తం ఇచ్చింది. నాను తిన్లేదు, నీకే ఉంచినాను. కాస్త నలిగింది. తినమ్మా."

ఆమె పొట్లం అందుకుంది. ఏదో ఒకటి మాట్లాడాలి.

"అది నాదని నీకెలా తెలిసింది నాన్నా? ఇంగ్లీషు రాదు కదా."

"బస్టాండు ఊడుస్తుంటే జగ్గమ్మకి దొరికింది. మా హాజరు రాసుకునే బాబుకి ఇచ్చింది. ఆయన తెరిసి సూసి, సత్యారావూ, ఇందులో నీ పేరుంది, ఇటు రా అన్నాడు. పనోళ్లందరి ముందూ నన్ను నిలబెట్టి, మొదటి పేజీ బెంగాలీలో సెప్పినాడు. నాను మల్లీ సెప్పమన్నాను."

కృష్ణకుమారి నేల వైపు చూసింది.

"ఈ నగరం వీదులు ఊడ్సే మా నాన్న సత్యారావుకి ఇది అంకితం, ఆయన కూతుర్నని ఎవరి ముందైనా సెప్పుకుంటాను, అని రాసినావంట కదేటి." సత్యారావు మెల్లగా నవ్వాడు. "తిను. పాడైపోద్ది."

ఆ మాట ఆమె ఇంతవరకు ఎవరి ముందూ చెప్పలేదు.