తాగుబోతు వంపు

ముసలాయనకు విమానం ఎక్కడం చేతకాలేదు. మెట్టు ఉందనుకుని గాలిలో కాలు వేశాడు.

పైలట్ చప్పున జబ్బ పట్టుకుంది.

"మెల్లిగా తాతగారూ! మెట్టు ఇటుంది."

"చూపు మసకమ్మా. ఇది కాస్తా పోకముందే ఒకటి చూసుకుందామని వచ్చాను."

"ఏం చూస్తారు? సముద్రమా, ఆనకట్టా?"

"పాత రైలుకట్ట."

ఆమె తెల్లబోయింది. ఈ బుల్లి విమానంలో ఎందరినో తిప్పింది. పెళ్ళిరోజని వచ్చినవాళ్ళున్నారు. సొంత మేడను పైనుంచి చూసుకుని మురిసిపోయినవాళ్ళున్నారు. పట్టాలు ఊడబీకేసి, ముళ్ళకంపలు మొలిచిన కంకరకట్టను చూపించమన్నవాడు మాత్రం ఈయనొక్కడే.

"పొద్దున్నే జనం దానిమీదే షికారుకు వెళ్తారండీ. నడిచి చూసేదానికి నేల విడిచి సామెందుకు?"

"నడిస్తే ముక్కముక్కలుగా కనిపిస్తుంది. నాకు మొత్తం ఒక్కసారే చూడాలనుంది."

ఆ జవాబు ఆమెకు నచ్చింది. అసలు సంగతేమిటో తెలుసుకోకపోతే కడుపుబ్బిపోయేలా ఉంది కూడా.

విమానం లేచింది. చెరుకు తోటలు దాటగానే కట్ట కనిపించింది, తాడు లాగి కట్టినట్టు తిన్నగా.

ముసలాయన కిటికీ అద్దానికి ముక్కు ఆనించాడు.

"రైల్వేలో చేశారా?" హెడ్‌ఫోన్‌లో అడిగింది.

"కొన్నాళ్ళు. ఆ తర్వాత బళ్ళో లెక్కలు చెప్పుకున్నాను."

"అయితే ఈ రైలు చాలాసార్లు ఎక్కుంటారు."

"ఒక్కసారీ ఎక్కలేదు."

ఇదేం మనిషిరా బాబూ అనుకుంది. ఎక్కని రైలు కోసం ఇంత ఆరాటమా?

"వంపు ఇంకా రాలేదామ్మా?"

"వస్తోంది. మా పైలట్లకు అదే కొండగుర్తు. తాగుబోతు వంపు అంటాం."

"అదేం పేరు?"

"మరి? కొండ అడ్డం లేదు, ఏరు అడ్డం లేదు. తిన్నగా వచ్చే లైను ఉన్నట్టుండి కొడవలిలా తిరిగి, మళ్ళీ దార్లో పడుతుంది. గీత గీసినవాడు ఆ రోజు పీకలదాకా పట్టించి ఉంటాడని మావాళ్ళ జోకు."

ముసలాయన భుజాలు కదిలేలా నవ్వాడు.

"అసలు కథ వేరే ఉంది లెండి." మేఘాలు వింటాయేమో అన్నట్టు ఆమె గొంతు తగ్గించింది. "ఆ వంపులో ఉన్నది మా ఇల్లే. మా తాత కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడితే, దెబ్బకు రైలే పక్కకు తప్పుకుంది. పోయేదాకా ఆ ముక్క చెప్పి మీసం మెలేసేవాడు."

ముసలాయన చటుక్కున ఆమెవైపు తిరిగాడు.

"మీ ఇల్లా? ఇంకా ఉందా?"

"నిక్షేపంలా ఉంది."

వంపు రానే వచ్చింది. ఆమె రెక్క వాల్చి విమానాన్ని చుట్టూ తిప్పింది.

"కట్ట లీలగా తెలుస్తోంది గానీ, లోపలంతా మసక. ఏమేం ఉన్నాయో చెప్పమ్మా."

"పెంకుటిల్లు. ముందు బావి. తీగ మీద ఆరేసిన బట్టలు."

"వెనక నేరేడు చెట్టు?"

"చెట్టేం లేదే."

"పోయిందా," అన్నాడు, తెలిసినవాళ్ళెవరో పోయినట్టు. "మనుషులో?"

"మా నాన్న దొడ్లో ఏదో తవ్వుతున్నాడు. అదిగో, మా నాయనమ్మ! విమానం చప్పుడు వింటే చాలు, వాకిట్లోకొచ్చి తువ్వాలు ఊపుతుంది. ముద్దుకనుకునేరు, 'పడి చస్తావే, దిగు' అని."

ముసలాయన కూడా అద్దం దగ్గర చెయ్యి ఊపాడు. అది కింద ఎవరికీ కనిపించదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా ఊపుతూనే ఉన్నాడు.

"ఇంకో చుట్టు తిప్పుతావా తల్లీ?"

తిప్పింది.

కిందికి దిగాక ఇక ఆగలేకపోయింది.

"ఇంతకీ ఆ కట్టలో ఏముందో చెప్పనేలేదు తాతగారూ."

"లెక్కల మాస్టార్ని కదమ్మా. పాత లెక్కొకటి సరిపోయిందో లేదో చూసుకోవాలనిపించింది." ఆయన జేబురుమాలు తీసి కళ్ళు ఒత్తుకున్నాడు. "సరిపోయింది."

గేటు బయట బస్సు హారన్ కొట్టింది. తడుముకుంటూ నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగాడు.

"మీ తాత మాత్రం గట్టివాడమ్మా."

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి నాయనమ్మ బట్టలు మడతపెడుతోంది.

"ఎవర్నే ఇవ్వాళ ఇంటిమీద గిరగిరా తిప్పావు? కోళ్ళన్నీ బెదిరి పొదల్లో దూరాయి."

ఆమె నవ్వుతూ జరిగిందంతా చెప్పింది.

"అంతా బానే ఉంది గానీ, లేని నేరేడు చెట్టు సంగతి అడిగారే నాయనమ్మా!"

నాయనమ్మ చేతిలోంచి దుప్పటి జారిపోయింది.

"లేకపోవడమేం? మీ నాన్న పుట్టిన ఏడాదే గాలివానకు కూలింది. దాని కిందే మూడుకాళ్ళ దుర్భిణి పెట్టుకుని రైలు దారి కొలిచారు. ఆయనేడీ?"

"బస్సెక్కి వెళ్ళిపోయారు."

"ఏ ఊరు?"

"అడగలేదు."

నాయనమ్మ గోడకు చేరగిలబడిపోయింది.

"అయినా రైలును ఆపింది తాత కదా, కర్ర పట్టుకుని..."

"మీ తాత ఆ రోజు అటక దిగితేనా! ఇల్లు పడగొడతామని గుమ్మంలోనే గుంజ పాతారు. లోపల నేను పురిటినొప్పులతో అరుస్తున్నాను. ఆ అరుపు విని, పాతిన గుంజలన్నీ దారి కొలిచే ఆ కుర్రాడే పీకేశాడు. గీత మార్చినందుకు కొలువు ఊడగొట్టారని తర్వాతెప్పుడో తెలిసింది. గుక్కెడు మంచినీళ్ళయినా ఇవ్వలేదే అని ఇన్నేళ్ళూ కుమిలిపోయాను."

కొంగుతో కళ్ళు తుడుచుకుని, మనవరాలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆ వేళ మనింటి చుట్టూ రైలును తిప్పినవాణ్ణేనే, ఇవ్వాళ నువ్వు మనింటి చుట్టూ తిప్పి పంపేశావు!"